సిస్టరమ్మ తాగిన లోటా

ఆదివారం. పాలు కాచాను. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. రాగులు చెరిగి మిషనుకు పంపాను. పప్పు తాళింపు వేస్తుండగా కుప్పం నుంచి ఫోను వచ్చింది: సిస్టరమ్మ పోయారు, రేపు సమాధి. పొయ్యి ఆపి, అటక మీదున్న సత్తు లోటా దించి తోమాను. ఆ రోజు ఇంకే పనీ చేయలేదు.

మా అమ్మాయి చదివిన కాన్వెంటు బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా మేము ఫీజు కట్టలేదు, ఆమె సాయం ఇప్పించారు. ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆమె ఎలా ఇచ్చేవారో చెప్పాలని ఇది రాస్తున్నాను.

సాయం అడిగినవాళ్ళ ఇళ్ళకు ఆమే స్వయంగా వచ్చి చూసేవారు. నల్ల గొడుగు గోడకు ఆనించి, కూర్చోకముందే నీళ్ళడిగేవారు. తాను తాగాక, "నువ్వూ తాగమ్మా, నా కోసరం ఎండలో నిలబడి ఉండావు" అనేవారు. లోటా కడిగి బోర్లించడం కూడా ఆమే.

అప్పుడు మేము పుంగనూరులో ఒంటిగది ఇంట్లో బాడుగకు ఉన్నాం. మా ఆయన కూలిపనికి వెళ్ళేవాడు. ఇంటి యజమానికి రెండు బోర్లు, టమోటా తోట, ట్రాక్టరు. వాళ్ళ పిల్లవాడికీ ఆ బడిలోనే సీటు వచ్చింది, వాళ్ళూ సాయం అడిగారు. ఒకనాడు యజమాని భార్య గడప బయటే నిలబడి అంది:

"ఒమ్మే, రేపు సిస్టరమ్మ మా ఇల్లు సూసేదానికి వస్తాది. మేము ఈ గదిలోనే ఉండామని సెప్తాం. ఆ పూటకు మీరు ఎదురింటి అరుగు మీద కూసోండి. ఇల్లు మాదే కదా, దీంట్లో అబద్ధం యాడుండాది?"

"మమ్మల్ని సూసేదానికి ఎల్లుండి వస్తారమ్మా."

"వస్తే రానీ. ఆమె ఎన్ని ఇండ్లు తిరుగుతాదో, ఏం గుర్తుంటాది!"

కాదంటే ఇల్లు పోతుంది. సిస్టరమ్మ గుర్తుపడితే అందరం కలిసి మోసం చేశామనుకుంటారు, మా అమ్మాయి చదువు పోతుంది. అరుగు మీద కూర్చున్నాను.

మర్నాడు యజమాని భార్య మెడలో గొలుసు తీసేసి మా గదికి వచ్చింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా కనబడుతోంది, వినబడుతోంది. సిస్టరమ్మ నీళ్ళడిగారు. యజమాని భార్య లోటా కోసం నా వంట మూల అంతా వెతికింది. దొరికాక రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ముంచి ఇచ్చింది.

"నువ్వూ తాగమ్మా."

"నాకొద్దు సిస్టరమ్మా, ఈ పొద్దు ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దుంటే నీళ్ళు తాగకూడదా?"

"మా ఇంట్లో తాగము."

మా కడవలో నీళ్ళు వాళ్ళు తాగరు. మా కష్టం మాత్రం ఒక పూట అరువుకు కావాలి. ఇన్నేళ్ళయినా ఆ రెండు వేళ్ళు నేను మరిచిపోలేదు.

మర్నాడు సిస్టరమ్మ అదే గడప తొక్కారు. నీళ్ళు తాగారు, నన్నూ తాగమన్నారు. గటగటా తాగేశాను. ఆమె నవ్వారు.

"నిన్న ఇల్లు సూసినా. ఈ పొద్దు ఇంట్లోవాళ్ళను సూసినా."

సాయం మా అమ్మాయికి వచ్చింది. వాళ్ళ పిల్లవాడు ఫీజు కట్టి చదివాడు. ఆ కోపంతో యజమాని మమ్మల్ని ఖాళీ చేయించాడు, అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. ఏడ్చుకుంటూ వెళితే సిస్టరమ్మ అన్నారు: "ఇల్లు ఇప్పించేది నా చేతిలో లేదమ్మా. మదనపల్లెలో కూడా మా బడి ఉండాది. పాపను ఆడికి పంపు, నేను సెప్తా." అలా ఇక్కడికి వచ్చాం.

ఆమె బళ్ళలో ఫీజు చీటీలు కవర్లలో పెట్టి ఇచ్చేవారు. మా అమ్మాయికీ కవరు వచ్చేది, లోపల తెల్ల కాగితం. తనది సాయం మీద చదువని పదో తరగతి అయ్యేదాకా దానికి తెలియదు. అదేమని అడిగితే సిస్టరమ్మ ఒకటే మాట: "పది మందిలో నిలబెట్టి ఇస్తే, ఫీజు కంటే ఎక్కువే వసూలు చేసినట్లమ్మా."

సోమవారం లోటా సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. ఆమె చివరి రోజులు గడిపిన సిస్టర్ల మఠం ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ముఖం బొటనవేలంత, దండం పెడుతున్న మా పాత యజమాని నిలువెత్తు. ఇప్పుడాయన నాయకుడు. సమాధి అయ్యాక మైకు పట్టుకున్నాడు.

"మేము కష్టాల్లో ఉన్నెప్పుడు సిస్టరమ్మ మా ఇంటికొచ్చి నీళ్ళు తాగిందప్పా!"

జనం చప్పట్లు కొట్టారు. ఆమె మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. నాకు అక్కడే ఉమ్మేయాలనిపించింది.

అరిచి అరిచి దగ్గు తెరతో దిగి, ముందు వరసలో ఉన్న నా దగ్గరే ఆగాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"అమ్మా, రోంత నీళ్ళుంటే ఇయ్యమ్మా."

సంచిలోని సీసా నీళ్ళు లోటాలో పోసి ఇచ్చాను. నోటికి ఆనించి, చుక్క మిగల్చకుండా తాగాడు.

"సల్లగుండాయి. ఏ ఊరమ్మా?"

"పుంగనూరప్పా. సిస్టరమ్మ నీళ్ళు తాగిన మీ ఇంట్లో బాడుగకు ఉండినదాన్ని. ఆమె తాగిన లోటా ఇదే."

లోటా వంక చూశాడు, నా వంక చూశాడు. భుజం మీది కండువాతో మూతి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. కారు దగ్గరికి నడిచాడు.

ఇంటికొచ్చి లోటా కడిగి, ఆమె పెట్టినట్టే గట్టు మీద బోర్లించాను. అంచు నుంచి నీళ్ళు మెల్లగా కారుతున్నాయి. ఇంటి లెక్కల పుస్తకం తీసి రాశాను: పుంగనూరు ఇంటి అడ్వాన్సు, చెల్లు.