పూరీ గరిటె యాంటెన్నా

2009, వానాకాలం. ఆఫ్రికాలో శాంతి దళం డ్యూటీ. ట్రక్కు మమ్మల్ని గుట్ట మీది పోస్టు దగ్గర దించింది. ఇసుక బస్తాల బంకరు, రేకుల వంటశాల, చుట్టూ ఎర్ర బురద. ఇంటర్నెట్ ఉన్న బేస్ క్యాంపు లోయ అవతల, మూడు కిలోమీటర్ల దూరం. కంటికి కనబడుతుంది, కాలికి అందదు. మేం వచ్చిన వారానికే లోయలో ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది.

అప్పుడే శాటిలైట్ ఫోనులో చెల్లె ఏడ్చింది. మాది నడిగూడెం దగ్గరి పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు.

"అన్నా, నాయిన కడుపుల గడ్డంట. సూర్యాపేట దవాఖానల కోస్తరంట. నీ మొకం ఒక్కపారి సూస్తెనే ఆపరేషన్ బల్లెక్కుతా అంటుండు."

సెలవు అడిగాను. దొరకలేదు. దొరికినా ఆ ఏరు ఈది పోతానా?

మా రేడియో ఆపరేటర్‌ది మిర్యాలగూడ. "పరేషాన్ గాకు. ఇంటర్నెట్‌నే గీడికి గుంజుదాం" అన్నాడు. వంటవాడి దగ్గర పూరీలు దేవే పెద్ద జాలీ గరిటె లాక్కొచ్చాడు. వంటవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. గరిటె గుంట డిష్‌లా పనిచేసేలా, దానికి కాస్త ముందు వైఫై డాంగిల్‌ను పుల్లతో నిలబెట్టి కట్టాం. వానకు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టాం. పొడుగు వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించాం. కమాండర్ నవ్వి, బేస్‌తో మాట్లాడి అనుమతి ఇప్పించాడు. గరిటెను బొంగుకు కట్టి, అవతలి టవర్ వైపు వెంట్రుకవాసి చొప్పున తిప్పాం. సిగ్నల్ వచ్చింది! ఇద్దరం పిచ్చోళ్ళలా ఎగిరాం.

ఆదివారం వీడియో కాల్ కోసం చెల్లె నాయనను కోదాడ నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళింది.

"మాట బంద్ చెయ్. బొమ్మకే సిగ్నల్ చాలుతలేదు" అన్నాడు ఆపరేటర్. మైకూ, స్పీకరూ రెండూ బంద్ చేశాను.

తెర మీదికి నాయన వచ్చాడు. తలకు తెల్ల రుమాలు, భుజాన గొంగడి, కిందికి చాచిన చేతులు. ఏడుపొచ్చింది. చెయ్యి ఊపాను. నాయన కదలలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

"బొమ్మ ఆగిపోయిందిరా! గరిటె జరుపు!" పక్కకు తిరిగి అరిచాను.

"జర ఆగరా."

"జరుపమంటే జరుపవేందిరా!"

జరిపాడు. తెర నల్లబడింది. ఆ రోజు ఎంత తిప్పినా మళ్ళీ రాలేదు. ఫోన్లో చెల్లె "నిన్ను సూసిండు అన్నా" అని మాత్రం అంది. ఆపరేషన్ బల్ల మీది నుంచి నాయన లేవలేదు.

డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాక చెల్లె అసలు సంగతి చెప్పింది.

"నెట్టు మంచిగనే ఉండె అన్నా. నాయిన ఫోటో దిగుతున్ననుకున్నడు. కదిలితే ఖరాబైతదని గట్లనే నిలవడ్డడు. నువ్వు అరుసుడు సూసి, 'పోరనికి నా మీద కోపమొచ్చింది, ఏం తప్పు జేసిన బిడ్డా' అని బస్సుల దారి పొడుగూత అడిగిండు."

మా ఊళ్ళో ఫోటో అంటే అంతే. స్టూడియో ఆయన అయిపోయిందనే దాకా ఎవరూ మెదలరు. నాకు తెలియదా? తెలుసు. పాడు తొందర. ఓపిక అనేది మా ఇంట్లో నాయన ఒక్కడికే దక్కింది.

ఇప్పటికీ కళ్ళు మూస్తే అలాగే నిలబడి ఉంటాడు, నాకు బొమ్మ బాగా రావాలని ఊపిరి బిగబట్టి.