కన్నాలు పడ్డ తోలుపట్టీ

నవంబరు చివరి గురువారం. పొద్దుట్నుంచి చేసిన పనులు: భోజనాల గుండిగలు తోమించి షామియానా వాళ్ళకి అప్పజెప్పాను. మావయ్యగారి పరుపు ఎండేశాను. మిగిలిన బియ్యం డబ్బాలోకి ఎత్తాను. సీలు తీయని మాత్రలు మందులషాపులో తిరిగి ఇచ్చేశాను. ఇది రాయడమొక్కటే మిగిలింది.

మా మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, పోయారు. నిద్రలోనే పోయారు. కార్యక్రమాలు నిన్నటితో అయిపోయాయి. వచ్చినవాళ్ళందరూ ఆయన మంచివారన్నారు. నిజమే. కానీ ఆ మాట వింటే నాకు ఆయన కళ్ళముందు మెదలరు. పెరటి కిటికీ ఊచకి తగిలించిన తోలుపట్టీ చూస్తే మెదులుతారు.

పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసే రోజుల్లో ఒక విదేశీ నావికుడు ఆయనకి మడతకత్తి ఇచ్చాడు. రిటైరై ఉక్కునగరంలో మా క్వార్టరుకి వచ్చాక కూడా దానితోనే గడ్డం గీసుకునేవారు. సానరాయి అవసరం ఎప్పుడో గానీ పడేది కాదు. గీసుకున్నప్పుడల్లా సన్నటి అంచు కాస్త వంగుతుందట. తోలు మీద లాగితే మళ్ళీ నిటారుగా నిలబడుతుందట. అందుకే గీసుకునే ముందు రోజూ ఆ పట్టీ మీద కత్తి ఆడాల్సిందే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాత పట్టీ పగుళ్ళిచ్చింది. కొత్తది కొనడానికి నన్ను వెంటబెట్టుకుని పాతనగరం వెళ్ళారు. అక్కడ జట్కా జీనులు కుట్టే సాయిబు అద్దంలాంటి తోలుముక్క ఒకటి తీశాడు.

"మెరుపు చూడండి సార్!"

"మెరుపు నాకేటికి బాబూ? అందులో మొఖం సూసుకోనా?"

ఆయన ఒక్కో ముక్కా మడిచి చూశారు. మడతలో గీత పడితే పక్కన పెట్టేశారు. వెడల్పు కత్తి పొడుగుకి తగ్గకూడదన్నారు. చివరికి మణికట్టు లోపలివైపు తోలుకి ఆనించి మెల్లగా లాగారు.

"నీ సెయ్యి కూడా ఎట్టి సూడమ్మా. జారిపోకూడదు. సంటిపిల్లలాగ కాసింత పట్టుకోవాల."

"ఇవేం పెళ్ళిచూపులు సార్!" అని సాయిబు నవ్వాడు.

"పెళ్ళిచూపుల్లో ఇంతసేపు సూడనిచ్చినారేటి?" అన్నారు మావయ్యగారు.

ఆ పట్టీ మా ఇంట్లో మనిషిలా ఉండిపోయింది. నూనె రాయనిచ్చేవారు కాదు. అరచేత్తో రుద్దడమే. ఆ జిడ్డు చాలనేవారు.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు గడప మీద కూర్చుని కత్తి నా చేతికిచ్చారు. పట్టీ కొస ఎడమచేత్తో బిగువుగా లాగి పట్టుకోమన్నారు.

"వొదులైతే అంచు గుండ్రమైపోద్ది. కత్తి ఈపు ముందెల్లాల, అంచు ఎనక రావాల. తిప్పినపుడు ఈపు మీదే తిప్పు. బలమెట్టకమ్మా, కత్తి బరువు సాలు."

అదే మాట గడ్డం గీయడంలోనూ పనికొచ్చింది. అప్పటినుంచి రోజూ ఉదయం ఆయన గడ్డం నేనే గీసేదాన్ని. అయ్యాక చెంప నిమురుకుని "బాగున్నాది" అనేవారు. ఆ ఒక్క మాట చాలు నాకు. నాకు వంట నేర్పినవాళ్ళున్నారు, వంక పెట్టినవాళ్ళున్నారు. నా చేయి మీద నమ్మకంతో గొంతు అప్పగించిన మనిషి ఆయనొక్కరే.

మా బావగారు, మా ఆయన అన్నగారు, సిటీలో ఉంటారు. నేను గడ్డం గీయడం ఒకసారి చూసి, "మా మరదలు సెలూను ఎట్టినాదిరోయ్! బోర్డేదమ్మా?" అని నలుగురిలో నవ్వారు. అది నేను దిగమింగాను.

దిగమింగలేనిది కిందటేడు జరిగింది. ఒక ఆదివారం నేను బజారుకి వెళ్ళొచ్చేసరికి బావగారు పెరట్లో కొళాయి విప్పి కూర్చున్నారు. మావయ్యగారు లోపల నిద్రపోతున్నారు. అరుగు మీద తోలుపట్టీ పడి ఉంది. దాని నడుమ నాలుగు గుండ్రటి కన్నాలు.

"వాషర్లకి కోసినానమ్మా. ప్లంబరు ఖర్సు మిగిల్సినాను."

"బావగారూ, అది మావయ్యగారి పట్టీ."

"పాత బెల్టేగా!"

కొళాయి కారడం మాత్రం ఆగలేదు.

మావయ్యగారు లేచి పట్టీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కో కన్నంలోనూ వేలు పెట్టి చూశారు. బావగారు వెళ్ళాక అన్నారు: "పోన్లేమ్మా. పెద్దోడు. నలుగుర్లో ఆడి పరువు తియ్యకు. నాను బతికున్నాళ్ళు ఎవులికీ సెప్పకు."

నేను చెప్పలేదు. కన్నాల అంచులకి కత్తి తట్టుకుంటోందని కొత్త పట్టీ కోసం పాతనగరం వెళ్ళాను. సాయిబు కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆన్‌లైనులో ఒక పట్టీ తెప్పించాను. పైన ఏదో పూత, కత్తి గాజు మీదలా జారిపోయింది. ప్లాస్టిక్ రేజరు పెడితే ఆయన పల్చటి చర్మం తెగి రక్తం వచ్చింది. పటిక రాస్తుంటే చేయి పట్టుకుని, "వొగ్గెయ్యమ్మా, ఇంక గియ్యొద్దు" అన్నారు. గడ్డం పెరిగింది. అద్దం గోడవైపు తిప్పేశారు. కడదాకా అలాగే ఉన్నారు.

ఆఖరి స్నానం చేయిస్తున్నప్పుడు బావగారు కళ్ళు తుడుచుకుని, "గెడ్డంతో నాన్న రుషిలాగున్నాడు" అన్నారు. ఆ మాటతో నా లోపలున్నది గట్టిపడింది.

పదోరోజు సముద్రపొడ్డున కొడుకులకి గుండు చేయించాలి. మా ఆయనకి ముందే చెప్పాను, మంగలి తెచ్చిన కొత్త బ్లేడుతోనే చేయించుకోమని. బావగారు ఏం కోరతారో నాకు తెలుసు. పీట మీద కూర్చోగానే అదే అడిగారు.

"నాకు మా నాన్న కత్తే కావాల. అదే సెంటిమెంటు. ఎవులైనా వీడియో తియ్యండి."

కత్తి ఇచ్చాను. మంగలి బొటనవేలి మీద చూసుకున్నాడు. "కత్తి మంచిదే బాబూ, మొద్దుబారిపోనాది. తోలుందేటి?"

సంచిలోంచి పట్టీ తీసి ఇచ్చాను. మంగలి పైకెత్తి పట్టుకున్నాడు. కన్నాల్లోంచి సముద్రం కనబడింది.

"ఏటమ్మా ఇది, జల్లెడా?"

"మా బావగారు కోశారు. కొళాయి వాషర్లకి. ఆ తర్వాతే మావయ్యగారికి గడ్డం గీయడం కుదరలేదు."

గొంతు పెంచలేదు. అవసరం లేకపోయింది. మావయ్యగారి చెల్లెలు, బావగారి మేనత్త, చేతులు తిప్పుకుంటూ ముందుకొచ్చింది. "ఒరే! మా అన్న సచ్చీదాకా మొఖం దాసుకున్నాడంటే నీ వొల్లేటిరా? అప్పుడేమో కొళాయికి కోసేసినావు, ఇప్పుడు సెంటిమెంటేటిరా నీకు?"

వీడియో తీస్తున్న చుట్టం ఫోను దించలేదు.

బావగారికి పంతం వచ్చింది. "కానీవోయ్, గియ్యి!" అన్నారు. మంగలి నీళ్ళు చల్లి రెండుసార్లు కత్తి లాగాడు, రెండు గాట్లు పడ్డాయి. "అమ్మో!" అని పీట మీంచి లేచిపోయారు. మిగతాది మంగలి బ్లేడుతో చేశాడు.

ఆపుదామని నాకు అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు. బతికున్నాళ్ళూ మావయ్యగారి మాట నిలబెట్టాను. ఆ పైది నాది.

తర్వాత బావగారు మునగడానికి నీళ్ళలోకి దిగారు. అల వచ్చి నెత్తి మీద పడింది. ఉప్పునీరు గాట్లకి తగిలి రెండు చేతులతో తల పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇంకో అల వచ్చింది. మావయ్యగారి గడ్డం, బావగారి గుండు. చెల్లుకు చెల్లు.