రంగు చూసి అతికిన తీగ

ఇప్పుడంటే పెళ్లింటికి పురోహితుడికన్నా ముందే డ్రోన్ వచ్చేస్తోంది గానీ, ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాటేమీ కాదు, నాకు మీసం కుదురుగా వచ్చి రెండేళ్లయిన రోజులు) వనపర్తి చుట్టుపక్కల ఆకాశంలో ఏదైనా గుయ్యిమంటే జనం చేస్తున్న పని ఆపి తలలెత్తి చూసేవారు. ఆ గుయ్యిమనే వస్తువును మా వైపు మొదట కొన్నవాళ్లలో మా మేనమామ ఒకడు. బస్టాండు దగ్గర ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. నేను గద్వాలలో మా ఇంటి మగ్గం గుంతలోంచి కాళ్లు బయటికి తీసి, పని నేర్చుకుంటానని ఆయన పంచన చేరాను. మా నాయిన గద్వాల చీరలు నేస్తాడు. వాళ్ల నాయినా అదే, ఆయన నాయినా అదే. నేను వనపర్తి పోతానన్న రోజు నాయిన కోప్పడితే బాగుండేది. ఆయన పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోంచి దించకుండా, "పో. ఏం జేస్తవో సూస్త" అన్నాడు. అంతే, మళ్లీ పనిలో పడిపోయాడు. ఆ 'సూస్త' అన్న ఒక్క మాట ఏడాది పాటు నా నెత్తిన కూర్చుంది.

మామ ఆ డ్రోన్‌ను హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. దాని కెమెరా అప్పటికే పగిలిపోయింది. అందుకని ఇంకో కంపెనీ గింబల్‌ను ఇంకెవరి దగ్గరో సంపాదించాడు. గింబల్ అంటే డ్రోన్ కడుపు కింద కెమెరాను పట్టుకుని వేలాడే చేయి. పైన డ్రోన్ గాలికి ఎంత ఊగినా కెమెరా ఊగకుండా చూడాలి, కిందికి చూడమంటే కిందికి, పక్కకు చూడమంటే పక్కకు చూపించాలి. (మామ దగ్గర నా కొలువు కూడా ఇంచుమించు అదే.) రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి మామ మురిసిపోయాడు. కలపబోతే తెలిసింది, దీని ప్లగ్గు దాని మూతిలో దూరదు. డ్రోన్ వైపు లావుపాటి ప్లగ్గు, గింబల్ వైపు బియ్యపు గింజంత ప్లగ్గు. మధ్యలో రెండు మొహాలకూ సరిపోయే తీగ ఒకటి ఉండాలట. అది పరదేశం నుంచి రావాలట, నెలన్నర పడుతుందట. ఫోనులో ఆ సంగతి విన్న మామ కుర్చీలో కూలబడి, "పెండ్లి తొమ్మిది రోజులున్నది గదరా అల్లుడా" అన్నాడు.

ఆ పెళ్లి మామూలు పెళ్లయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు. కొల్లాపూర్‌లో మామిడితోటలున్న ఒక రైతు మా నాయినకు ప్రాణదోస్తు. మేం ఆయన్ను తోట పెద్దనాయిన అంటాం. ఆయన బిడ్డ పెళ్లి అది. పెళ్లికూతురి చీర మా నాయిన నేశాడు. ఎవరికీ చూపించకుండా, మడత విప్పకుండా, నెల పైగా ఆ ఒక్క చీర మీదే కూర్చున్నాడు. పెళ్లికూతురు మామిడిచెట్ల వరసల మధ్య నుంచి పందిట్లోకి నడిచొస్తుంటే డ్రోన్ సరిగ్గా నెత్తి మీద నిలబడి, వెనక పరుచుకుంటూ వచ్చే కొంగును పైనుంచి తీసి, పందిరి పక్కన కట్టిన పెద్ద తెర మీద చూపించాలి. ఈ ఆలోచన మామది. ఈ సంగతి నాయినకు చెప్పడానికి గద్వాల పోయింది నేను. ఆయన మొదటిసారి నాడె పక్కన పెట్టాడు.

"పైకెల్లి సూస్తె కొంగు గానొస్తదా?"

"కొంగేంది నాయినా, కొంగుల పోగు గూడ గానొస్తది" అన్నాను. (అప్పటికి తీగ లేదు, తీగ లేకుండా కెమెరా లేదు. నోరు మాత్రం ఉంది.)

నాయిన నాడెను మళ్లీ అందుకున్నాడు. "సరే. గానొస్తె నీ తొవ్వ నీది, నేనేమనను. గానరాకపోతె సోమారం సంది వచ్చి గుంతల కాళ్లు వెట్టు" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఏం పంతాలో మీ ఇద్దరివి" అని గొణిగింది. నేను ఒప్పుకుని బస్సెక్కాను. మగ్గం మీద నాకు కోపమేమీ లేదు. ఆ గుంతలో కూర్చుంటే లోకం నడుము దాకానే కనిపిస్తుందని నా బాధ.

తిరిగొచ్చి మామతో, తీగ నేను చేస్తానన్నాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "నీకేం తెల్సురా?" అన్నాడు. తెలిసింది ఒక్కటే, అతకడం. గద్వాల చీరలో ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పోగు కొసకు పట్టు పోగు కొసను ఆనించి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, మెలి తిప్పి కలపాలి. అట్లా ఒక్కటి కాదు, చీర వెడల్పున ఎన్ని పోగులుంటే అన్ని. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు అది వస్తుంది. వేల పోగులు అతికిన చేతికి ఆ తీగ లోపలుండే ఏడు సన్న తీగలొక లెక్కా అనుకున్నాను. పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న దగ్గర సోల్డరింగ్ కడ్డీ ఎరువు తెచ్చి, రెండు వైపులా పనికొచ్చే పాత ప్లగ్గులు వెతికి, తీగల చర్మం ఒలిచి కూర్చున్నాను. మొదటి రోజు తీగకన్నా నా బొటనవేలు ఎక్కువ కాలింది. రెండో రోజు ఒక అతుకు పెడితే పక్క అతుకు ఊడింది. మూడో రోజుకు చేతికి లాఘవం దొరికింది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు, తెలుపుకు తెలుపు, పసుపుకు పసుపు, మిగతా మూడూ అంతే. మగ్గం మీద నేర్చిన మొదటి పాఠమే అది, రంగు చూసి రంగుకు కలపాలి. సెల్‌ఫోన్ల అన్న వచ్చి చూసి, "అబ్బ, మిషన్‌ల జేసినట్టున్నదిరా" అన్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు.

నాలుగు రోజులుగా శవంలా వేలాడుతున్న కెమెరా ఆ సాయంత్రం ఉలిక్కిపడి లేచింది. మామ డ్రోన్‌ను పైకప్పు కొక్కేనికి తాడుతో కట్టి, కెమెరా రిమోటు నా చేతికిచ్చాడు. (ఎగిరించే రిమోటు ఆయనది, కెమెరా తిప్పే రిమోటు నాది.) నేను చక్రం తిప్పాను.

"కదిలిందా అల్లుడా?"

"కదిలింది మామా."

"ఇంకోసారి తిప్పు. కదిలిందా?"

"మల్ల కదిలింది."

మామ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి మిర్చిబజ్జీలు తెప్పించాడు. ఇద్దరం తృప్తిగా తిన్నాం. కదిలిందా అని ఆయన అడిగాడు, కదిలిందని నేను చెప్పాను. ఎటు కదిలిందన్న ప్రశ్న మా ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు.

పెళ్లి రోజు పొద్దున తోటలో డ్రోన్‌ను బల్ల మీద పెట్టి తుడుస్తుంటే నాయిన వచ్చాడు. తెల్లచొక్కా, కొత్త పంచె. కళ్లద్దాలు పెట్టుకుని వంగి, నా తీగను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. అతుకుల మీద వేలు పెట్టి నిమిరాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని వెళ్లి, తెర ముందు వరసలో తోట పెద్దనాయిన పక్కన కూర్చున్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

పెళ్లికూతురు బయలుదేరింది. మామ డ్రోన్‌ను లేపాడు. తెర మీద మామిడితోపు మొత్తం కనిపించేసరికి జనం ఆహా అన్నారు. డ్రోన్ ఆ పిల్ల నెత్తి మీదికి పోయి నిలబడింది. మామ, "ఇగ కిందికి జూపెట్టు" అన్నాడు. నేను చక్రం కిందికి తిప్పాను. కెమెరా కిందికి చూడకుండా ఎడమకు తిరిగింది. తిరిగి తిరిగి పందిరి వెనక వంటల దగ్గర ఆగింది. అక్కడ పెళ్లికొడుకు వాళ్ల పెద్దబావ, పొద్దున్నుంచీ మర్యాద సరిగ్గా జరగలేదని అలిగి, మీ ఇంట మంచినీళ్లు కూడా ముట్టనని భీష్మించుకున్న మనిషి, వంటవాళ్ల మధ్య పీట వేసుకుని విస్తరి నిండా బగారన్నం కలుపుకుంటున్నాడు. అంత పెద్ద తెర మీద ఆయన ముద్ద నోటికి ఎత్తడం మొత్తం పందిరి చూసింది. పెళ్లిలో నవ్వులు గొల్లుమన్నాయి. (ఆ దెబ్బతో అలక తీరిందనుకోండి. ఆ పుణ్యం నాదేనని ఆ ఇంటి ఆడవాళ్లు ఇప్పటికీ అంటారు.)

"ఏడికి తిప్పుతున్నవ్‌రా? కిందికి అంటున్న" అన్నాడు మామ పళ్ల మధ్య నుంచి.

"కిందికే తిప్పుతున్న మామా. అది పక్కకు వోతున్నది."

"ఎందుకు వోతున్నది?"

"తెల్వది."

కిందికి తిప్పితే ఎడమకు పోయింది కాబట్టి పైకి తిప్పాను. కెమెరా కుడికి బయలుదేరి మామిడిచెట్లు, కార్లు, ఐస్‌క్రీం బండి అన్నీ చూపించుకుంటూ వచ్చి, ముందు వరస కుర్చీల మీద నిలిచింది. తెర నిండా మా నాయిన. ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, రెండో చేతి వేలు ఆకాశంలోకి చూపిస్తూ, తోట పెద్దనాయిన చెవిలో ఏదో చెబుతున్నాడు. తెర మీద తనే ఉన్నానని గమనించి గబుక్కున వేలు దించేసి, చెయ్యి పంచెలో దాచుకున్నాడు. అప్పటికి పెళ్లికూతురు పందిట్లోకి వచ్చి పీటల మీద కూర్చుంది. కొంగు మడతలు పడిపోయింది. రిమోటుకు రెండో చక్రం కూడా ఉంది. పక్కకు తిప్పే ఆ చక్రాన్ని తిప్పి ఉంటే కెమెరా నిక్షేపంగా కిందికి చూసేదన్న సంగతి నాకూ మామకూ తట్టేసరికి తాళి కట్టడం కూడా అయిపోయింది.

తోట పెద్దనాయిన నిష్ఠూరమాడలేదు. "సీర నేను కండ్లార సూసిన, సాలు" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా ఏడిపించింది. కొల్లాపూర్ నుంచి వనపర్తి దాకా బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చుని చేలు చూస్తూ వచ్చాడు. ఆ చీరను నెల పైగా ఎవరికీ చూపించని మనిషి, చూపిద్దామనుకున్న ఒక్క రోజు నన్ను నమ్మాడు. నాకు సిగ్గుతో ఆయన వైపు తల తిప్పబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున నాయిన స్టూడియోలో చాయ్ తాగి, "గా తీగ వట్కరా" అన్నాడు. తెచ్చి చేతిలో పెట్టాను. ఒక్కో అతుకునూ రెండు వైపులా పట్టి గుంజాడు. గట్టిగానే గుంజాడు.

"అతుకు ఒక్కటి గూడ ఊడలే."

తీగను తిప్పి నా ముందు పెట్టాడు.

"ఏం జూసి కట్టినవ్?"

"రంగు జూసి నాయినా. రంగుకు రంగు."

"మన మగ్గం మీద పోగులకు రంగు ఎవరేసిన్రు?"

"మనమే."

"గందుకని నమ్ముతం. ఈ రంగులేసినోడు ఎవడో, వాని మనసుల ఏమున్నదో నీకేం తెలుసు? రంగు జూస్తె సాలదు. పోగు ఏడ మొదలైంది, ఏడికి వోతున్నది, కొస వట్టుకొని సూడాలె."

మామా నేనూ ఒక్కో తీగనూ కొస నుంచి కొస దాకా పట్టి చూశాం. గింబల్ చేసినవాళ్లు కిందికి చూసే తీగకు తెలుపు వేస్తే, డ్రోన్ చేసినవాళ్లు పక్కకు చూసే తీగకు తెలుపు వేశారు. పసుపుదీ అంతే, తారుమారు. ఎవరి ఇంట్లో వాళ్లకు అది సరైన రంగే. డ్రోన్ అంటే ఏమిటో తెలియని మా నాయిన ఒక చాయ్ తాగినంత సేపట్లో చెప్పిన సంగతి అది.

నేను బ్యాగు సర్దుకున్నాను. పంతం పంతమే. "పోదం పా నాయినా. సోమారం సంది వస్తనన్న గద" అన్నాను. ఆయన చెప్పులేసుకుంటూ, "సోమారం నేను నేస్త. నువ్వు గిది సక్కజెయ్యి" అని ఒక్కడే బస్సెక్కి పోయాడు.

ఇప్పుడు ఆ స్టూడియో మీది గదిలో నేను చేసే పని ఇదే. పొలాల మీద తిరిగేవాళ్లు, పెళ్లిళ్లు తీసేవాళ్లు, ఒక కంపెనీ డ్రోనూ ఇంకో కంపెనీ కెమెరా కొనుక్కుని తల పట్టుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్ చేస్తారు. వాళ్లకు తీగలు చేసి పార్సిల్ పంపుతాను. నాయిన వనపర్తి వచ్చినప్పుడల్లా బల్ల మీదున్న తీగలను ఒక్కొక్కటే పట్టి గుంజుతాడు. "నడుస్తది నాయినా, కెమెరా కదుల్తది" అంటే, "ఎటు?" అంటాడు. చూపించేదాకా వదలడు.

మొన్న ఎండాకాలం మామిడిపళ్లకు పోతే తోట పెద్దనాయినను అడిగాను, ఆ రోజు నాయిన చెవిలో ఏం చెప్పాడని. (నాయినను ఎన్నిసార్లు అడిగినా, "ఎండ కొడ్తున్నదన్న" అంటాడు.) పెద్దనాయిన పండు కోస్తూ నవ్వాడు. "గా పైన ఉన్న తీగ మావోడు అతికిండు, పొద్దున సూసిన, రంగుకు రంగు, ఒక్క పోగు గూడ తప్పలే అన్నడు బిడ్డా. సీర మాటే మర్సిపోయిండు" అన్నాడు.

ఆ వీడియో ముక్క నా దగ్గర ఇంకా ఉంది. డ్రోన్ తీసింది కాబట్టి మాట వినిపించదు, వేలు మాత్రం కనిపిస్తుంది. తప్పు తీగను చూపించి ఒక నేతగాడు మురిసిపోతుంటే, తప్పు చక్రం పట్టుకుని అతని కొడుకు వణికిపోతూ అదంతా తీశాడు. నాకు సంగతి తెలిసిందని నాయినకు నేను చెప్పలేదు. ఆయన తీగ గుంజి "ఎటు?" అన్నప్పుడల్లా, ఆ వణికే కుర్రవాణ్ని తలుచుకుని లోపల్లోపల నవ్వుకుని, చక్రం కిందికి తిప్పి చూపిస్తాను. కెమెరా కిందికే చూస్తుంది.