పొట్ట మీద గీత

మా పెద్ద సర్జన్ గారికి గీతలు గీసే జబ్బు ఉండేది. కడుపు మీద నాలుగు చిన్న చిల్లులు పెట్టి, లోపలికి కెమెరా పంపి, టీవీలో చూస్తూ ఎంతటి ఆపరేషన్ అయినా ముగించగల మొనగాడాయన. అటువంటి మనిషి ప్రతి పేషెంటు పొట్ట మీదా ముందురోజే నల్ల మార్కర్ పెన్నుతో జానెడు, అబ్బే, మూరెడు గీత గీసేవారు. చిల్లులతో కుదరకపోతే పొట్ట కోయాల్సిన చోటు అది. చిల్లులకు చుక్కలు పెట్టుకునే డాక్టర్లను చాలామందిని చూశాను. రాని కోతకు గీత గీసి, దాన్ని పేషెంటుకూ, పేషెంటు తాలూకు వాళ్లకూ, అడిగితే పక్క మంచం వాళ్లకూ చూపించే డాక్టరును మాత్రం ఆయన్నొక్కరినే చూశాను. ఆసుపత్రిలో అందరూ చాటుగా ఆయన్ని గీతల సారు అనేవాళ్లు.

ఆయన రిటైరయ్యారు. ఆయన దగ్గర చిల్లుల ఆపరేషన్లు నేర్చుకుందామని ఫెలోషిప్‌కు ఏడాది కోసం వచ్చిన నేను అక్కడే ఉద్యోగంలో ఉండిపోయాను. ఇప్పుడు మా వార్డులో పొట్టలన్నీ శుభ్రంగా ఉంటాయి. అదేం దిగులో గానీ, రౌండ్స్‌కి వెళ్లినప్పుడల్లా ఆ శుభ్రం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నేను చేరిన మొదటిరోజే ఆయన ఒక టీచరమ్మతో వాదన పెట్టుకున్నారు.

"నాలుగు చిల్లులేనని కింద బోర్డు మీద రాశారు కదండీ?" అందావిడ, గీత వైపు బెదురుగా చూసుకుంటూ.

"ఆ బోర్డు రాసినాయనకి ఆపరేషన్ చేయడం రాదమ్మా."

"మీకొచ్చు కదా?"

"వచ్చు. అందుకే గీస్తున్నాను."

"అయితే కోసేస్తారా?"

"మీ అదృష్టం బాగుంటే చిల్లులే. కాస్త ఊపిరి బిగబట్టండి, గీత వంకర పోతోంది."

ఆవిడకు చిల్లులతోనే అయిపోయింది. ఎన్ని స్నానాలు చేసినా గీత పోవడంలేదని తర్వాత వచ్చి మాతో దెబ్బలాడింది, అది వేరే సంగతి.

మేనేజరుదీ అదే గోల. "మీ గీత చూసి ఇంకో పేషెంటు వేరే ఆసుపత్రికి వెళ్లిపోయాడు సార్!" అని ఒకరోజు థియేటర్ గుమ్మం దాకా వచ్చి మొత్తుకున్నాడు.

"ఎలా వెళ్లాడు?"

"నడిచే వెళ్లాడు సార్."

"నడవగలిగాడా! అయితే మరీ తొందరేం లేదన్నమాట" అని సంతోషపడ్డారాయన.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్లాను. వాళ్లావిడ పుచ్చకాయ తెచ్చి, కోయమని ఆయన ముందు పెట్టారు. సారు చెయ్యి జేబులోకి వెళ్లింది.

"గీశారంటే ఇంకుతో సహా మీరే తినాలి" అన్నారావిడ.

"ఈవిడకు ప్లానింగ్ అంటే బొత్తిగా గౌరవం లేదమ్మాయ్" అని నాతో వాపోయారు.

నాకు చదువు చెప్పిందీ ఆ పెన్నుతోనే. చిల్లుల ఆపరేషన్ నేర్చుకునేవాళ్లకు ముందు ఒక మూసిన డబ్బా ఇస్తారు. దాని పైన చిల్లులు, లోపల కెమెరా. పొడుగాటి పరికరాలు ఆ చిల్లుల్లోంచి దూర్చి, తెర మీద చూస్తూ, లోపలున్న దారంతో ముడులు వేయాలి. ఎడమకు పొమ్మంటే పరికరం కుడికి పోతుంది. మొదట్లో నా ముడులు చూసి థియేటర్ సిస్టర్ "వల అల్లుతున్నావా తల్లీ?" అని అడిగింది. మా సారు ఆ డబ్బానూ వదల్లేదు. మూత మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశారు.

"దీనికెందుకు సార్?"

"ముడి పడకపోతే మూత తీసి, చేత్తో వేస్తావు కదా. ఎక్కడ తీయాలో తెలియాలి."

"నేను తీయను సార్. పడేదాకా వేస్తాను."

"తీయి."

"ఇంకొంచెం సేపు సార్."

ఆయన ముఖం ముడుచుకునేది. "ఈ 'ఇంకొంచెం' ఉంది చూశావూ, అదే నీ జబ్బు" అనేవారు. గీతల జబ్బున్న మనిషి నాకు జబ్బు అంటగడుతున్నాడేమిటని సిస్టర్, నేను నవ్వుకునేవాళ్లం.

నా పంతం నాది. ఫెలోషిప్ అయ్యేలోపు నా చేతిలో పడ్డ ఏ పొట్టా కోతకు పోకూడదు. చిల్లులతో మొదలుపెట్టి మధ్యలో కోతకు దిగితే మా వాళ్లలో అది తల దించుకునే విషయం. పైకి ఎవరూ అనరు. కాఫీ తాగేటప్పుడు మాత్రం "నిన్నటిది ఓపెన్ అయిందటగా?" అని జాలిగా అడుగుతారు. ఆ జాలి కన్నా తిట్టు నయం. ఆఖరి నెల వచ్చింది. అప్పటిదాకా నా పేరు చెక్కుచెదరలేదు.

అప్పుడొచ్చాడు బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్లు, నొప్పి ముదిరేదాకా బండి నడుపుతూనే ఉన్నాడు. సారు పక్కటెముకల కింద ఏటవాలుగా గీత మొదలుపెట్టి, నడుము పక్కకు తిప్పేదాకా ఆపలేదు.

"ఇది రూటు మ్యాపా సార్? మధ్యలో స్టాపులున్నాయా?" అన్నాడు డ్రైవరు.

"దిగాల్సిన చోటు ఒకటే" అని సారు అతని భార్యను వరండాలోకి పిలుచుకెళ్లారు. పేషెంటు వాళ్లతో అలా ఒక పది మాటలు విడిగా మాట్లాడటం ఆయనకు మామూలే. ఇంకా ఏం భయపెడుతున్నారోనని మేం అనుకునేవాళ్లం.

"రేపు నువ్వే చెయ్యి. నేను వెనక నిలబడతాను, అంతే" అన్నారు నాతో.

మర్నాడు కెమెరా లోపలికి వెళ్లేసరికి తెర నిండా ఎరుపే. ఏది పిత్తాశయమో, ఏది పేగో తెలియకుండా అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. కత్తిరించాల్సిన సన్నని నాళం, దాని పక్కనే ముట్టుకోకూడని పెద్ద నాళం ఉంటాయి. ఆ రెండూ విడివిడిగా కనపడితేనే కత్తెర వేయాలి. నాకు ఒకటే కనపడుతోంది. అది ఏదో తెలియదు. పొరపాటున పెద్దది తెగితే డ్రైవరు బతుకు ఆసుపత్రి పాలే.

విడదీశాను, కడిగాను, మళ్లీ విడదీశాను. కొత్తగా ఏమీ కనపడలేదు. సిస్టర్ చప్పుడు చేయకుండా కోత సామాను ట్రే దగ్గరికి జరిపింది. సారు వెనకాలే ఉన్నారు. ఒక్క మాట అంటే ఒట్టు.

"కత్తెర ఇవ్వండి" అన్నాను. సిస్టర్ ఇచ్చింది. కత్తెర నాళం దాకా వెళ్లింది. "ఇంకొంచెం చూస్తాను" అన్నాను పైకే. ఎవరికి చెబుతున్నాను? డబ్బాకు చెప్పిన మాటే మనిషి కడుపుకు చెబుతున్నానని అప్పుడు తట్టింది. లోపల దారం లేదు, నన్ను నమ్మి నిద్రపోతున్న మనిషి ఉన్నాడు. కత్తెర బయటికి తీసేశాను.

"ఓపెన్ చేస్తున్నాను సార్."

నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు వినపడింది. ఎదురు వైపుకు వచ్చి, చిన్న అసిస్టెంటు లాగా కోత అంచులు పట్టుకుని నిలబడ్డారు. చేత్తో తడిమి, కళ్లారా చూస్తే గానీ రెండు నాళాలూ తేలలేదు. కత్తెర పెట్టబోయింది పెద్దదాని మీదే.

ఆపరేషన్ బాగానే అయింది. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని కాసేపు ఏడ్చాను. పేరు పోయిందని కొంత, పోతే పోయిందిలే అనిపించనందుకు కొంత. ఆపైన మొహం కడుక్కుని, డ్రైవరు భార్య పెట్టబోయే చీవాట్లకు సిద్ధపడి బయటికి వెళ్లాను.

"చిల్లులతో కుదరలేదండీ, కోయాల్సి వచ్చింది" అన్నాను నేల చూస్తూ.

"మా ఆయన బాగున్నాడా?"

"బాగున్నారు."

"మరి ఆ ఏడుపు మొహం ఏంటమ్మా? పెద్దాయన నిన్ననే చెప్పారుగా."

"ఏం చెప్పారు?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకు చెప్పొద్దన్నారు. 'మా అమ్మాయి మంచి పనిమంతురాలు, ఒకవేళ మధ్యలో ఆపి కోసిందంటే, చేతకాక కాదు, మీ ఆయన కోసం తన పేరు పక్కన పెట్టిందని అర్థం, బయటికొచ్చాక ఒక్క మాట అనొద్దు, వీలైతే కాఫీ ఇప్పించండి' అన్నారు. తాగుతావా?"

తాగాను. ఏడాదంతా ఆ గీత పేషెంటు కోసమనుకున్నాను. నాకోసమని తెలిసేసరికి నా ఏడాది, ఆయన సర్వీసు రెండూ అయిపోవచ్చాయి. ఇంకొంచెం ముందే తెలిసుంటే ఆయన్ని ఎన్ని అడిగేదాన్నో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సారు సింకు దగ్గర వేళ్లకంటిన ఇంకు రుద్దుకుంటున్నారు.

"చెప్పేసిందా ఆవిడ?" అన్నారు నా మొహం చూడగానే.

"అందరికీ ఇలాగే చెబుతారా సార్?"

ఆయన కుళాయి కట్టేశారు. "నీ వయసులో ఇలాంటి కేసే నా చేతికొచ్చింది. చిల్లులేనని పేషెంటు వాళ్లన్నయ్యకు మాటిచ్చాను. లోపల ఏమీ కనపడలేదు. ఆపితే బయటికెళ్లి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని ఆపలేదు. తెగకూడనిది తెగింది. మనిషి బతికాడులే, కానీ ఆసుపత్రుల చుట్టూ తిరగడమే సరిపోయింది. ఇప్పటికీ ఎక్కడ కనపడినా నమస్కారం పెడతాడమ్మాయ్. నాలుగు తిట్టినా బాగుండేది." తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకున్నారు. "ముందు రోజు ఎవరైనా ముసలాడొచ్చి ఆ పొట్ట మీద గీత గీసుంటే నేనూ ఆపేవాణ్నేమో."

తువ్వాలు ఆయన చేతిలోంచి తీసుకుని కొక్కేనికి తగిలించాను. ఆయన నా వైపు తిరిగారు.

"సరే గానీ, ఎంత కోశావు?"

"మీ గీతలో సగం కూడా కాదు సార్. అయినా అంత కోత ఎవరికీ అక్కర్లేదు కదా, మూరెడు ఎందుకు గీస్తారు?"

"రేపు కట్టు విప్పినప్పుడు ఆవిడ చూస్తుంది. పెద్దాయన ఇంత గీస్తే ఈ పిల్ల ఇంతే కోసింది, ఏం చెయ్యమ్మా నీది అంటుంది. అనిపించుకోవద్దూ?" అని కసిరి, పెన్ను మూత తీసుకుంటూ వార్డులోకి తర్వాతి పొట్ట వెతుక్కుంటూ వెళ్లిపోయారు.