ఆగిన మాట దగ్గరి నుంచి

మా బావ పోయాడు. మంగళవారం తెల్లవారుజామున, మిర్యాలగూడలో, కిరాయి ఇంట్లో, నిద్రలోనే. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఫోన్ చేసింది ఇంటి ఓనరు. సూర్యాపేట నుంచి నేను చేరేసరికి ఎండ ఎక్కింది.

విలేకరిగా చాలా చావు వార్తలు రాశాను. చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు. బావ వార్తకు ఆ వాక్యం కుదరలేదు. మా అక్క మూడేళ్ల కిందటే పోయింది. పిల్లలు లేరు. బావమరిది అనే మాట ఆ వాక్యంలో నేనెప్పుడూ రాయలేదు, ఎవరూ రాయగా చూడలేదు.

బావ కెర్నల్ మీద పని చేసేవాడు. కంప్యూటరులో అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములకు వంతులు పంచే ప్రోగ్రాము అది. కంపెనీ హైదరాబాదులో ఉన్నా, అక్క మిర్యాలగూడ పక్కన వేములపల్లి బడిలో టీచరు కాబట్టి ఆయన మిర్యాలగూడలోనే ఉండి ఇంటి నుంచి పని చేసేవాడు. చుట్టాలు అడిగితే కంప్యూటరు పని అని ఊరుకునేవాడు. నేను మాత్రం ప్రశ్నలు అడగడం మానేవాణ్ని కాదు.

ప్రాసెసరులో దశాంశాల లెక్కల కోసం కొన్ని అరలు ఉంటాయట. ఒక ప్రోగ్రాము లెక్క మధ్యలో ఉండగానే దాని వంతు అయిపోతుంది. తర్వాత వచ్చిన ప్రోగ్రామూ అవే అరలు వాడుకుంటుంది. అందుకని కెర్నల్ మొదటిదాని సగం లెక్కను పక్కన దాచి, దాని వంతు మళ్లీ రాగానే ఉన్నదున్నట్టు అరల్లో పెట్టాలి. పెట్టకపోతే కంప్యూటరేమీ ఆగిపోదు. ఇంకెవరిదో అంకె అరలో మిగిలి ఉంటుంది, దాని మీదే లెక్క సాగుతుంది.

"ఆగిపోతే మంచిదేరా, తెలిసిపోద్ది. ఆగకుండా తప్పు చెప్పిందనుకో, ఎవడికీ తెలియదు" అనేవాడు.

ఆయనది ఆంధ్ర సరిహద్దు దగ్గరి కోదాడ. మేం 'అయితది' అంటే ఆయన 'అవుద్ది' అనేవాడు. నీది చెక్‌పోస్టు దాటొచ్చిన భాష అని నేను ఏడిపించేవాణ్ని. సూర్యాపేట అసలు ఊరే కాదని, బస్సు టీకి ఆగే చోటని ఆయన తిప్పికొట్టేవాడు. అక్క కూర వడ్డిస్తూ ఇద్దరినీ కలిపి తిట్టేది.

బావకు ఒక అలవాటు ఉండేది. మాట మధ్యలో ఫోనొచ్చినా, ఎవరైనా తలుపు కొట్టినా, ఆ పని చూసుకుని వచ్చాక సరిగ్గా ఆగిన మాట నుంచే అందుకునేవాడు. వాక్యం మొదటికి వెళ్లేవాడు కాదు. వినేవాళ్లు ఈలోపు సంగతే మరిచిపోయేవాళ్లు.

"మీ బావను మధ్యల ఆపి సూడు. మాపటికైనా గా మాటకాడికెల్లే మొదలువెడ్తడు" అని అక్క నవ్వేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర నేను, మీరిద్దరూ సూర్యాపేటకే వచ్చేయండి, మా వీధిలోనే ఇల్లు చూస్తానన్నాను. బావ మజ్జిగ కలుపుకుంటూ మొదలుపెట్టాడు. "మీ ఊళ్లో ఎవడుంటాడ్రా? నేనొచ్చి ఉండాలంటే ముందు నువ్వు..." వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే అక్క నేల మీద ఉంది. దవాఖానకు తీసుకుపోయాం. ఆమె మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత బావ నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టాడు. తిన్నారా? ఎందుకండీ ఇంత దూరం శ్రమపడి రావడం? కోపంతో అన్నది కాదు. బయటివాళ్లతో ఆయన ఎప్పుడూ మాట్లాడే మర్యాదే అది. నేనూ వెక్కిరింత మానేశాను. మాట్లాడుతుండగా ఫోనొస్తే, తిరిగి వచ్చాక "ఏం లేదులెండి" అనేవాడు.

అక్కే లేనప్పుడు ఇంక రాకపోకలెందుకని మా ఇంట్లోనే అన్నారు. ఆ మాట నిజమేమోనని నాకు భయం వేసింది. అక్క వల్ల వచ్చిన చుట్టరికం అక్కతోనే పోతుందా అని ఎవర్ని అడగాలో తెలియలేదు. ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. ఇద్దరం టీవీ చూసేవాళ్లం.

ఆ రోజుల్లో ఆయన ఒక తప్పు కోసం వెతుకుతున్నాడు. ఎక్కడో ఒకరి లెక్క ఎప్పుడో ఒకసారి తేడాగా వస్తోంది. మళ్లీ చేసి చూస్తే సరిగ్గానే వస్తోంది. నెలల తరబడి వెతికాడు. చివరికి దొరికింది. కెర్నల్ తన సొంత పనికి ఆ అరలను కాసేపు వాడుకుని, ఒకే ఒక్క సందర్భంలో మాత్రం, పాత అంకెలు తిరిగి పెట్టకుండానే ప్రోగ్రామును పంపించేస్తోంది.

అది దొరికిన మధ్యాహ్నం నేను కలెక్టరాఫీసు బయట ఉన్నాను. ఫోన్ ఎత్తగానే హలో కూడా అనకుండా బావ గొంతు వినిపించింది.

"...ముందు నువ్వు టీ పెట్టడం నేర్చుకోవాలిరా."

ఏ వాక్యమో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఆ ఆదివారం గిన్నె పడినప్పుడు ఆగిన మాట అది. నేనన్నాను: "నువ్వు రా బావా, పెడ్త. చెక్‌పోస్టు కాడ ఆపితే నా పేరు చెప్పు."

వచ్చాడు. నా టీ తాగి, బస్సు స్టాండులోదే నయమన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు మా ఆదివారాలు మాకు దక్కాయి. అక్క మాట కూడా వచ్చేది.

దహనం అయ్యాక ఇంటికి తిరిగి వచ్చాం. ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి, సామాన్ల సంగతి ఎవరిని అడగాలె, కోదాడోళ్లనా అని అడిగారు. బావ వాళ్ల అన్నయ్య నా వైపు చెయ్యి చూపించాడు.

"బావమరిదిని అడగండి. ఇక్కడ మా తమ్ముడికి ఉన్నది అతనే."

నేను లోపలి గదిలోకి వెళ్లాను. బల్ల మీద కంప్యూటరు నడుస్తూనే ఉంది. పడుకోబోయే ముందు బావ ఒక పరీక్ష పెట్టి వదిలేసినట్టున్నాడు. కొన్ని అంకెలు అరల్లో పెట్టడం, మధ్యలో ఆటంకం కలిగించడం, అవే అంకెలు తిరిగి వచ్చాయా అని చూడడం దాని పని. వచ్చిన ప్రతిసారీ తెర మీద ఒక వరుస చేరుతోంది. పాస్. పాస్. పాస్. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. బయట ఎవరో పిలుస్తున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని, కొత్త వరుస వచ్చినప్పుడల్లా చదువుతున్నాను.