పడవను లాగే కారు

మా పడవ ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తూ విరిగిపోయింది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున పడవలన్నిటినీ ఒడ్డు నుంచి మిట్టకు చేర్చాలి. మా ఊరికి ఉన్నది ఒక్కటే ట్రాక్టర్. దాని యజమాని ముందు తన పడవలు లాగించుకున్నాడు, తర్వాత తన బంధువులవి, ఆ తర్వాత తనకు కావలసినవాళ్ళవి. పొద్దున ఎనిమిదింటి నుంచి మా ఆయనా నేనూ తాడు పట్టుకుని వరసలో నిలబడ్డాం. మూడింటికి మా వంతు వచ్చింది. "నీళ్ళెక్కేశాయి, ఇంక టైరు దిగదు" అని అతను ట్రాక్టర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు చూస్తే మా పడవ అడుగు పగిలి, సరుగుడు తోపులో బోర్లా పడి ఉంది.

మా అత్త చాలాసేపు ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఏడు గంటలసేపు ఒక మనిషి దయ కోసం నిలబడ్డానే అన్న మాట ఒక్కటే లోపల రగులుతూ ఉండింది. ఆ పూటే చెప్పాను: "కొత్త పడవ కొందాం. దాన్ని లాగే బండి కూడా మనమే కొందాం."

మాది బందరు అవతల, సముద్రం ఒడ్డున ఊరు. మా ఆయన వేటకు వెళతాడు. ఆయన తెచ్చిన చేపలూ, మరో నలుగురివీ కలిపి నేను విజయవాడ తీసుకెళ్ళి అమ్ముతాను. అందుకోసమే నాలుగు చక్రాల ట్రాలీ ఆటో నడపడం నేర్చుకున్నాను. పదేళ్ళుగా అదే నా బండి. అందులో చేపలు వెళతాయిగానీ మనుషులు వెళ్ళలేరు. మా అత్త మోకాళ్ళకు విజయవాడలో వైద్యం. పెద్దమ్మాయి అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, చిన్నది మా దగ్గరే. ఇంటిల్లిపాదికీ ఒక కారు ఎటూ కావాలి. సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే రోజుల్లో పడవను కైకలూరు వైపు చేపల చెరువులకు అద్దెకిస్తాం కాబట్టి దాన్ని అంత దూరం లాక్కుపోయే బండీ కావాలి. రెండూ ఒకటే ఎందుకు కాకూడదన్నది నా ప్రశ్న.

ఊళ్ళో నవ్వారు. "కారుకి పడవ కడతావా? రేపు విమానానికి వల కడతావేమో!" అన్నాడు మా ఆయన అన్న. నేను ఆయనతో వాదించలేదు. కొత్త ఫైబర్ పడవ వచ్చాక, వెల్డింగ్ షాపులో దానికి రెండు చక్రాల ట్రాలీ చేయించి, ఇంజనూ వలలూ ఐసు పెట్టెలూ అన్నీ ఎక్కించి, రైస్ మిల్లు దగ్గర లారీలు తూచే కాటా మీద పెట్టించాను. టన్నుకు కొంచెం తక్కువ తూగింది. కాటా చీటీని మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇక ఎవరు ఏం చెప్పినా ఆ చీటీ చూపించి అడగొచ్చు.

మొదటి షోరూమ్ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. చేపలమ్మి, స్నేహితురాలి ఇంట్లో స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని మరీ వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చాడు. టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి నా వైపు చూడకుండా ఆయనతోనే మాట్లాడాడు.

"సార్, సన్‌రూఫ్ చూశారాండీ? టచ్ స్క్రీన్ చూడండి సార్, ఈ సెగ్మెంట్‌లో ఇంత పెద్దది ఎవరికీ లేదండీ."

మా ఆయన ఆ స్క్రీన్‌లో మునిగిపోయాడు. నేను అడిగాను: "బాబూ, ఈ బండి ఎంత బరువు లాగుద్ది? టోయింగ్ గురించి చెప్పు."

"దాని గురించి మీకు టెన్షనే వద్దు మేడమ్. బండి ఎక్కడాగిపోయినా ఫోన్ చేస్తే చాలు, మా వాళ్ళొచ్చి లాక్కెళ్ళిపోతారండీ. ఫ్రీ."

"నా బండిని ఇంకోళ్ళు లాగడం కాదయ్యా. నా బండే లాగాలి. పడవని."

అతను నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. మేనేజరు వచ్చాడు. "ఇది ఫ్యామిలీ బండి అండీ. పడవలకవీ వేరే బళ్ళుంటాయి కదండీ" అన్నాడు మర్యాదగానే.

"మాది ఫ్యామిలీయేనండీ. మా ఫ్యామిలీకి పడవుంది" అన్నాను.

బండితోపాటు ఇచ్చే పుస్తకం ఒకటి ఉంటుంది కదా, అది ఇమ్మన్నాను. కొనకముందే దాన్ని అడిగినవాళ్ళు లేరన్నారు. అయితే నేనే మొదటిదాన్ని అన్నాను. సోఫాలో కూర్చుని, పెద్దమ్మాయికి ఫోన్ చేసి తెలియని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ అడుగుతూ గంటన్నర చదివాను. దొరికింది. ఈ బండికి ట్రైలర్, అంటే వెనక ట్రాలీ, కట్టకూడదు, కడితే వారంటీ వర్తించదు అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఆ పేజీ తెరిచి అతనికే చూపించాను. పాపం, అతనూ అదే మొదటిసారి చదవడం. "నిజమేనండీ" అన్నాడు చిన్నబోయి. అతని మీద నాకు కోపం రాలేదు. తను అమ్మే వస్తువు గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. నేనైతే చెప్పగలను. నా గంపలో చేప ఏ నీళ్ళదో, ఎప్పుడు పట్టిందో అడిగితే తడుముకోను.

బయటికొచ్చాక మా ఆయన అన్నాడు: "బండి బాగుందే. పడవకి ట్రాక్టరోణ్ణే బతిమాలుకుందాంలే."

"నువ్వు బతిమాలుకో. నేను మాత్రం బతిమాలను" అన్నాను.

అలా నాలుగు షోరూములు తిరిగాం. ఒకచోట "ఎంతైనా లాగేస్తదండీ" అన్నారు. కాగితం మీద రాసివ్వమంటే రాయలేదు. ఇంకొకచోట ట్రాలీ తగిలించే కొక్కెం ఏదో బయట చేయించుకోమన్నారు. గన్నవరం వెళ్ళే దారిలో ఉన్న ఐదో చోట, సేల్స్ వాళ్ళకు ఓపిక నశించి, నన్ను వెనక సర్వీసు షెడ్డులోకి పంపారు. అక్కడున్న ఫోర్‌మన్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చేతులు తుడుచుకుంటూ కాటా చీటీ తీసుకుని చదివి, నన్ను కూర్చోమన్నాడు. ఇన్ని షోరూముల్లో ఆ చీటీని చదివిన మొదటి మనిషి ఆయనే.

"మీ ట్రాలీకి బ్రేకులున్నాయామ్మా?"

"ట్రాలీకి బ్రేకులెందుకండీ? బండికుంటాయిగా."

"లాగడం పెద్ద గొప్ప కాదమ్మా. ఆపడం కష్టం. మీరు బ్రేకేస్తే బండి ఆగుద్ది. వెనకున్న పడవకి ఆ సంగతి తెలీదు కదా! తోసేస్తది. బ్రేకుల్లేని ట్రాలీకి పుస్తకంలో బరువు తక్కువ రాస్తారు, ఉన్నదానికి ఎక్కువ. ముందు మీ ట్రాలీకి బ్రేకులు పెట్టించండి. అప్పుడు మా దాంట్లో ఒక బండుంది. డీజిలు, కింద లారీకి లాగా చట్రం, ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పుద్ది. కంపెనీ కొక్కెమే తెప్పించి బిగిస్తాం."

నాకు తెలియనిది ఒకటి ఉందని ఒప్పుకోవడానికి ఆ రోజు సిగ్గనిపించలేదు. ట్రాలీకి బ్రేకులు పెట్టించాను. దానికి రిజిస్ట్రేషన్ చేయించాను, దానికోసం ఎన్నిసార్లు తిరిగానో ఇక్కడ రాయను. అప్పుడు మళ్ళీ వెళ్ళి చెప్పాను: "బండి మా ఊరు తీసుకురండి. మా రేవు ఎక్కితే కొంటాను."

షోరూమ్ వాళ్ళు కుదరదన్నారు. డెమో బండి సిటీ దాటకూడదట. కుదరకపోతే కొననని లేచి వచ్చేశాను. రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ అదే మాట చెప్పాను. మూడోసారి ఫోర్‌మన్ గారే చేశారు. "ఆదివారం కొక్కెం బిగించి నేనే తెస్తానమ్మా. నాకూ చూడాలనుంది."

ఆ బండి మాత్రం ఎత్తు. ఆదివారం పొద్దున్నే వాకిట్లో ఆగితే మా అత్త కాలెత్తి పెట్టబోయి, అందక, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మా ఆయన నావైపు చూశాడు. "చూశావా? అమ్మ ఎక్కలేని బండి మనకెందుకే?"

మొదటిసారి నా మనసు వెనక్కి తగ్గింది. జవాబు మా అత్తే చెప్పింది.

"నేనెక్కలేకపోతే పీటేసుకుని ఎక్కుతాన్రా. పడవ పీటేసుకుని ఎక్కుద్దా? పదండి రేవుకి."

రేవులో ఊరంతా ఉంది. పడవను అలల అంచున ట్రాలీ మీదికి ఎక్కించి కట్టారు. పైన ఇరవై బారల దూరం ఇసుక, దాని తర్వాత ఏటవాలు మట్టి దారి. నేను ఎక్కి కూర్చున్నాను. ఫోర్‌మన్ గారు పక్క సీట్లో కూర్చున్నారు. గేరు వేసి కాలు నొక్కాను. బండి రెండు గజాలు కదిలి, ఇసుక చిమ్ముతూ అక్కడే కూరుకుపోయింది. వెనక నుంచి ఈలలు వినపడ్డాయి. "దిగమ్మా దిగు, మగాడెవడికన్నా ఇవ్వు" అని ఎవరో అరిచారు.

ఫోర్‌మన్ గారు మెల్లగా అడిగారు: "నేను పట్టుకోమంటారామ్మా?"

"వద్దండీ. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి చాలు."

"ఎక్కువ నొక్కారు. టైర్లలో గాలి కూడా ఎక్కువుంది."

దిగాను. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని నాలుగు టైర్లలోనూ నేనే గాలి తీశాను. పక్కనే నిలబడి నవ్వుతున్నవాళ్ళ కాళ్ళు కనపడుతున్నాయి. నేను తలెత్తి చూడలేదు. మా ఆయన ఎప్పుడొచ్చాడో పార తీసుకొచ్చి చక్రాల ముందు ఇసుక తీయడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఎక్కి, ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే చిన్న గేరులో పెట్టి, ఈసారి కాలు ఆనించీ ఆనించనట్టు ఉంచాను. బండి వణికింది. తాళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత పడవ కదిలిన బరువు నా వెన్నుకు తెలిసింది. ఇసుక దాటాం. ఏటవాలులో బండి ముక్కు పైకి లేచి ముందు ఆకాశం తప్ప ఇంకేమీ కనపడని ఒక్క క్షణం భయపడ్డాను. అయినా కాలు తీయలేదు. మిట్ట మీదికి చేరి బ్రేకు వేస్తే బండితోపాటు పడవా ఆగింది, ఎవరినీ తోయకుండా.

ఈలలు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియదు. ఫోర్‌మన్ గారు కిటికీ దించుకుని వెనక్కి చూసి, "నా సర్వీసులో ఇలాంటి టెస్ట్ డ్రైవ్ చూళ్ళేదమ్మా" అన్నారు.

బండి కొన్నాం. కంపెనీ కొక్కెమే కావాలని పట్టుబట్టి, అది బిగించేదాకా తాళాలు తీసుకోలేదు. మా అత్తకు చెక్క పీట ఒకటి వెనక పెడతాం.

ముందుకు నడపడం ఆ ఆదివారమే వచ్చింది. వెనక్కి నడపడం రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ట్రాలీ కట్టి ఉన్నప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. బడి మైదానంలో తెల్లవారుజామున సాధన చేశాను. ఒకసారి మైదానం కంచె పడగొట్టాను, మళ్ళీ నేనే కట్టించాను. మా ఆయన వెనక నిలబడి చేతులూపుతుంటే ఇద్దరం అరుచుకునేవాళ్ళం. చిన్నమ్మాయి నడుమ నిలబడి, "అమ్మా, నాన్న చెయ్యి చూడకు, ట్రాలీ చక్రం చూడు" అంది. దాని మాటే పనికొచ్చింది.

మొన్న వేట నిషేధం మొదలయ్యాక పడవను చెరువులకు తీసుకెళుతూ, సెలవులకని విజయవాడ నుంచి వచ్చిన పెద్దమ్మాయిని, చిన్నదాన్ని, మా అత్తను, మా ఆయనను అందరినీ ఎక్కించుకున్నాను. కైకలూరు దగ్గర ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు. బండిని చూశాడు, పడవను చూశాడు, చివరకు నన్ను చూశాడు.

"డ్రైవరేడమ్మా?"

"నేనేనండీ."

"మగవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారండీ. వెనక సీట్లో నిద్రపోతున్నారు. లేపమంటారా?"

మా అత్త ముందు సీట్లోంచి వంగి, "లేపకు బాబూ, రాత్రంతా వలలు కుట్టాడు" అంది. నేను బండి కాగితాలు, ట్రాలీ కాగితాలు, నా లైసెన్సు, వాటితో పాటు కాటా చీటీ కూడా అతని చేతికిచ్చాను. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిరిగిచ్చేస్తూ, "ఇరుకు రోడ్డమ్మా, ముందు గేదెలొస్తన్నాయి, వెనక్కి తీసి పక్కకి పెట్టుకోవాలి. వెనక్కి తీయడం వచ్చా?" అన్నాడు.

అద్దంలో ట్రాలీ చక్రం చూసుకుంటూ వెనక్కి తీశాను.