మజ్జిగలో నానిన ఉల్క గాజు

మా అక్క మెడలో ఆ ఆకుపచ్చ రాయి చూసిన రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. అక్కది గోపాల్‌పేట. వేరుశనగ చేనుంది, ఒంట్లో షుగరుంది. ఆ రాయి ఆకాశం నుంచి పడిందని, రోగాన్ని లాగేస్తుందని ఫోన్లో వీడియో చూసి బావ తెప్పించాడు. ఆనాటి నుంచి షుగరు గోలీలు బంద్. మడమ మీద పుండు నెలరోజులైనా మానడం లేదు.

నేను వనపర్తిలో సైన్సు టీచర్ని. పాఠం చెప్పడం తప్ప ఇంకేం చేతనవును? ఆదివారం వెళ్లి చెప్పాను. ఉల్క వచ్చి గుద్దితే ఆ వేడికి నేలలోని మట్టీ ఇసుకా కరిగి పైకి చిమ్ముతాయి, చల్లారి గాజు ముక్కలై పడతాయి. అలాంటి గాజు నిజంగానే ఉంది. కానీ అది కరిగిన నేలే, మందు కాదు.

అక్క శ్రద్ధగా విన్నది.

"గంత వేడిల పుట్టిందా? గందుకే నాకు నోరంత పొక్కింది."

వేడి చేసిందట! మర్నాటి నుంచి రాయిని గిన్నెడు మజ్జిగలో నానబెట్టి మరీ మెడలో వేసుకుంటోంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

పై ఆదివారం బడిలోని భూతద్దం పట్టుకుపోయాను. అసలైన ఉల్క గాజులో గాలిబుడగలుంటాయి, ఇందులో ఒక్కటీ లేదు. పైగా అంచు చుట్టూ అచ్చులో పోసిన గీత. ఇది ఉత్త సీసా గాజని చూపించాను. బావ అద్దం వైపు కూడా చూడలేదు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

"పుండు ముదిరితే కాలు తీసేస్తరు, తెల్సా?" అని అక్క మీద అరిచాను.

అక్క కూడా గొంతు పెంచింది. "సీసా గాజే గానీ! గోలీ ఏస్కుంటే కండ్లు తిరిగి చేన్ల పడుతున్ననని నీకు ఫోన్ల మూడు సార్లు చెప్పిన. ఏస్కో, ఏస్కో అంటివి. గీ రాయి నన్ను పడగొడ్తలేదు."

అక్క ఫోన్లో చెప్పిన మాట నిజమే.

మర్నాడు బడికి సెలవు పెట్టి అక్కను వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పుండుకు కట్టు కట్టించి, మెడలో రాయిని చూసి కూడా ఏమీ అనలేదు.

"గోలీ ఎప్పుడేసుకుంటుంటివమ్మా? బువ్వ ఎప్పుడు తింటవు?"

"గోలీ పొద్దుగాల ఆరింటికి. బువ్వ చేన్ల పనైనంక, పన్నెండింటికి."

"గోలీ ఏసుకుని ఆరు గంటలు ఏమీ తినకుంటే షుగరు పడిపోయి కండ్లు తిరుగుతయమ్మా."

పిల్లల్ని ప్రశ్నలు అడగండిరా అని రోజూ సతాయించే నేను, మా అక్కను ఆ ఒక్క ముక్క ఎన్నడూ అడగలేదు.